రాడ్ కొనేముందు చేప బరువు కాదు, ఎర బరువు చూడండి

పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, చేపల రాడ్ ఒకటి చూసి పెట్టాను, కొనేయమంటావా?" అన్నాడు. వాట్సాప్‌లో ఫోటో కూడా పంపించాడు. పదడుగుల రాడ్, కొన కూడా చిటికెన వేలంత లావుంది, పిడి పైన 40 నుంచి 120 గ్రాములు అని రాసి ఉంది. వాడు వేటకి వెళ్లేది ఆమదాలవలస అవతల వాళ్ల ఊరి చెరువుకి, లేదంటే నాగావళి గట్టుకి. వేద్దామనుకుంటున్నది మూడు నాలుగు గ్రాముల రబ్బరు పురుగు. మరి ఇంత రాడ్ ఎందుకురా అంటే ఒకటే మాట, "పెద్ద చేప పడితే?"

ఈ "పెద్ద చేప పడితే" అనే మాట దగ్గరే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లలో సగం మంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు. నేనూ పోగొట్టుకున్నాను. అందుకే ఫోన్లో చెప్పినదంతా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే: రాడ్‌ని పట్టబోయే చేపని బట్టి కొనకండి, విసరబోయే ఎరని బట్టి కొనండి. వీడియోల్లో కిలోల లెక్కన చేపల్ని ఎత్తి చూపించేవాళ్లు ఈ సంగతి చెప్పరు, షాపులో అడిగితే "ఏ చేపకి సార్?" అని ఎదురు ప్రశ్న వేస్తారే తప్ప "ఏ ఎర వేస్తారు?" అని అడిగినవాడు నాకింతవరకు తగల్లేదు.

నా మొదటి రాడ్ తొమ్మిదడుగులది. గట్టిది, బరువైంది, చూడ్డానికి ఘనంగా ఉండేది. దాంతో ఒక చలికాలం మొత్తం నాగావళి గట్టు మీద నిలబడ్డాను. ఎంత బలంగా విసిరినా చిన్న ఎర పట్టుమని పది గజాలు వెళ్లేది కాదు, వెళ్లినా అది అడుగుకి చేరిందో లేదో చేతికి తెలిసేది కాదు. చేపలు లేవా అంటే, ఉన్నాయి. నాకు ఇరవై అడుగుల అవతల ఇద్దరు పిల్లలు వెదురు కర్రకి తంగీసు కట్టి, వానపాము గుచ్చి, జిలేబీ చేపలు (తిలాపియా) ఒకదాని తర్వాత ఒకటి తీసి బకెట్లో వేసుకుంటున్నారు. నా చేతిలో ఉన్నదాని ఖరీదుతో వాళ్లకి అలాంటి కర్రలు వంద వస్తాయి. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. తేడా ఎర ఒక్కదానిలోనే లేదు, వాళ్ల కర్ర కొన వంగుతోంది, నాది వంగడం లేదు.

ఇది అర్థం కావాలంటే చిన్నప్పటి ఆట ఒకటి గుర్తు చేసుకోవాలి. చెరువు గట్టున తడి బంకమట్టి తీసి గోలీకాయంత ఉండ చేసి, చింత బరికె కొనకి గుచ్చి విసిరేవాళ్లం. సన్నటి బరికె అయితే వెనక్కి వంగి, ముందుకి వచ్చేసరికి సుయ్‌మని ఉండ చెరువు మధ్యకి పోయేది. అదే ఉండని లావు కర్రకి గుచ్చి విసిరితే ఎదురుగా నాలుగడుగుల్లో పడేది. బలం మన చేతిదే, కానీ ఉండని పంపేది బరికె వంపు. రాడ్ చేసే పని కూడా అచ్చంగా ఇదే. ఎర బరువుకి రాడ్ వెనక్కి వంగాలి, ఆ వంపు విడిచినప్పుడు ఎర ఎగరాలి. 120 గ్రాముల సీసపు గుండుని విసరడానికి చేసిన రాడ్‌కి మూడు గ్రాముల ఎర ఉన్నట్టే తెలీదు. దాన్ని వంచడానికి మీరు భుజం నొప్పి పుట్టేలా ఊపాలి, అప్పుడు దారం చిక్కు పడుతుంది, మీరు దారం చుట్టే రీలుని తిట్టుకుంటారు.

చిన్న ఎర, సన్నటి దారం, నెమ్మదిగా ఆడించడం, ఈ పద్ధతికి ఫినెస్ ఫిషింగ్ అని పేరు. ఇది బాస్ అనే చేప చుట్టూ పెరిగిన విద్య. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికాది. 1925లో జపాన్‌లోని అషి సరస్సులో తెచ్చి వదిలారు, అక్కడ అది బాగా అలవాటైపోయి స్థానిక చేపల్ని తినేస్తుంటే 2005 నుంచి దాన్ని ప్రాణంతో తరలించడం కూడా చట్టం ప్రకారం నిషేధించారు. (ఏదైనా విదేశీ చేపని మన చెరువుల్లో వదిలేద్దామని సరదా పడేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. జిలేబీ కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే, ఇప్పుడు అది లేని చెరువు చూపించండి.) అమెరికా, జపాన్‌లలో రోజూ వందలమంది గేలాలు వేసే సరస్సుల్లో చేపలు తెలివి మీరాయి, నీళ్లు తేటగా ఉంటే దారాన్ని కూడా కనిపెట్టేస్తున్నాయి, అందుకని అక్కడివాళ్లు ఎరని చిన్నది చేశారు, దారాన్ని సన్నం చేశారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రానికి చెందిన నెడ్ కేడీ పేరు మీద నెడ్ రిగ్ అనే అమరిక ప్రసిద్ధి కెక్కింది. పుట్టగొడుగు తలలాంటి చిన్న సీసపు గేలం, దానికి రెండున్నర అంగుళాల రబ్బరు ముక్క. అంతే. చూస్తే ఇదేం ఎర అనిపిస్తుంది.

మనకి బాస్ లేదు, నిజమే. కానీ పద్ధతి చేప పేరు చూసి పనిచెయ్యదు. మన నాగావళి సంగతే చూడండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా పై నుంచి, ఒడిశా కొండల నుంచి, ఎర్రనీరు దిగుతుంది, ఆ నీళ్లలో చేపకి కనిపించేది తక్కువ, అప్పుడు పెద్ద ఎర, శబ్దం చేసే ఎర వేసినా తప్పులేదు. దసరా, దీపావళి దాటి తుపాన్ల భయం పోయాక నీరు దిగి తేరుకుంటుంది. కార్తీకం నుంచి మాఘం దాకా తెల్లవారుజామున వెళ్లి చూస్తే మోకాలి లోతులో ఇసుక మీది గవ్వలు కూడా కనిపిస్తాయి. మీకు అవి కనిపిస్తే చేపకి మీరు కనిపిస్తారు. పైగా ఇదే నీటిలో వలలు వేసేవాళ్లున్నారు, మావులు పెట్టేవాళ్లున్నారు, గేలాలు వేసేవాళ్లున్నారు, మన చేపలు అమెరికా చేపలకంటే తక్కువ భయం తిన్నవేమీ కాదు. వంశధారలో గొట్టా దిగువన, చంపావతిలో డెంకాడ ఆనకట్ట కింద, ఇటు తాటిపూడి, మడ్డువలస జలాశయాల ఒడ్డున, ఎక్కడైనా ఈ నాలుగు నెలలూ చిన్న ఎరదే రోజు.

సరే, ఇక రాడ్ దగ్గరికి వద్దాం. పిడికి కాస్త పైన సన్నటి అక్షరాలతో ఒక రాత ఉంటుంది. చాలామంది అది చదవరు. అసలు సరుకంతా అక్కడే ఉంది. మూడు విషయాలు ఉంటాయి: పవర్, ఎర బరువు, దారం బలం. కొన్నిటి మీద యాక్షన్ కూడా రాస్తారు. పవర్ అంటే రాడ్ ఎంత బిగుసుగా ఉందన్నది. అల్ట్రా లైట్, లైట్, మీడియం లైట్, మీడియం, హెవీ అని పోతుంది. ఇక్కడొక చిక్కుంది, ఈ పేర్లకి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియం లైట్ అవుతుంది. అందుకే నేను పేరుని నమ్మను, గ్రాముల్ని చూస్తాను. మూడు నుంచి పది గ్రాములు అని ఉందా, అది నాకు కావలసిన రాడ్. ఔన్సుల్లో రాసి ఉంటే ఔన్సు దాదాపు 28 గ్రాములని లెక్క కట్టుకోండి, ఎనిమిదో వంతు ఔన్సు అంటే మూడున్నర గ్రాములు, నాలుగో వంతు అంటే ఏడు. ఆ రాతలో ఉన్న రెండు అంకెల మధ్యలో మీ ఎర బరువు, అంటే సీసపు గేలమూ రబ్బరూ కలిపిన బరువు, పడాలి. అంచున కాదు, మధ్యలో.

యాక్షన్ అంటే వేరే. రాడ్ ఎంత వంగుతుంది అన్నది పవర్, ఎక్కడ వంగుతుంది అన్నది యాక్షన్. ఫాస్ట్ అంటే పై మూడో వంతు వంగి కింద బిగుసుగా ఉంటుంది, మోడరేట్ అంటే సగం దాకా వంగుతుంది, స్లో అంటే పిడి దాకా వంగుతుంది. అడుగున ఆడించే ఒంటి గేలం ఎరలకి ఫాస్ట్ తీసుకోండి. కొన మెత్తగా ఉంటే చేప నోట్లో పెట్టుకున్నప్పుడు అనుమానం రాదు, మధ్య గట్టిగా ఉంటే గేలం గుచ్చుకుంటుంది.

ఇదంతా నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు, మా చిన్నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన రాడ్ ముఖం ఎరగడు. వెదురు పొద దగ్గరికి తీసుకెళ్లి కర్ర కోసిచ్చేవాడు. నేను ఎప్పుడూ లావుగా, తిన్నగా ఉన్నది చూపించేవాణ్ని. "మొదలు కాదురా, కొస సూడు. కొస సచ్చిపోతే ఆ కర్రెందుకు, పందిరి కెయ్యాలి," అనేవాడు. కర్ర కోసి, ఆకు దూసేసి, కొన పట్టుకుని చిన్నగా ఒక్క కుదుపు కుదిపేవాడు. కొన ఒకటి రెండు సార్లు ఆడి ఆగిపోతే మంచిది. వణుకుతూనే ఉంటే పారేసేవాడు. ఇప్పుడు నేను షాపులో వేల రూపాయల కార్బన్ రాడ్‌ని చేతిలోకి తీసుకున్నా చేసే మొదటి పరీక్ష అదే. కుదిపి, ఆపి, కొనని చూస్తాను. విసిరాక కొన అలా ఆడుతూనే ఉండే రాడ్‌తో ఎర తిన్నగా పోదు, అడుగున ఏం జరుగుతోందో ఆ వణుకులో కలిసిపోతుంది.

పొడవు విషయంలో ఎక్కువ మాట్లాడను. ఆరున్నర నుంచి ఏడడుగులు. గట్టు మీద నుంచి వేటకి ఏడు, పడవలో అయితే ఆరున్నర, చెట్ల కింద ఇరుకులో కూడా ఆరున్నరే.

ఇప్పుడు ఆ "పెద్ద చేప పడితే" సంగతి. దీనికి మాటలతో చెప్తే ఎవరూ నమ్మరు, ఇంట్లో చేసి చూడండి. రెండు లీటర్ల నీళ్ల సీసా నింపి, మూత దగ్గర దారం కట్టి నేల మీద పెట్టండి. పది అడుగులు వెనక్కొచ్చి, ఆ గట్టి పెద్ద రాడ్‌తో దాన్ని నేల మీంచి లేపడానికి చూడండి. మణికట్టు వణుకుతుంది. రెండు కిలోలే కదా, చేత్తో అయితే చిటికెన వేలితో ఎత్తుతాం. రాడ్‌తో ఎందుకు కష్టం? రాడ్ ఒక మీట. పొడవైన భాగం చేప వైపు ఉంది, పొట్టి భాగం మన వైపు ఉంది. రాడ్ ఎంత పొడవైతే చేపకి అంత లాభం, మనకి అంత నష్టం. పెద్ద రాడ్ ఉంటే పెద్ద బలం అనుకోవడం ఇందుకే తప్పు. మామూలు మనిషి రాడ్‌తో నిలకడగా లాగగలిగేది కిలో, కిలోన్నర, మహా అయితే రెండు. మరి ఎనిమిది పౌండ్ల దారం, అంటే మూడు కిలోల ఆరువందల గ్రాముల దాకా ఓర్చుకునే దారం, దానికి సరిపోదా?

సరిపోతుంది, రీలులో డ్రాగ్ సరిగ్గా పెడితే. డ్రాగ్ అంటే చేప ఒక బరువు దాటి లాగితే రీలు తనంతట తాను దారం వదలడం. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర పెట్టుకోవాలి. కాటా అక్కర్లేదు. లీటరు సీసా నింపితే నీళ్లే కిలో. దారం కొసకి ఆ సీసా కట్టి, రాడ్ రింగుల్లోంచి కాకుండా నేరుగా రీలు నుంచే వేలాడదియ్యండి. డ్రాగ్ మరని కొద్ది కొద్దిగా వదులు చేస్తూ పోండి. సీసా మెల్లగా, కుదుపు లేకుండా కిందికి దిగడం మొదలయ్యేచోట ఆపండి. అంతే, ఎనిమిది పౌండ్ల దారానికి మీ డ్రాగ్ సిద్ధం. సీసా దిగేటప్పుడు ఆగి ఆగి, దబ్బున జారి, మళ్లీ ఆగితే మాత్రం ఆ రీలు పనికిరాదు, సన్నటి దారాన్ని తెంపేది ఆ కుదుపే. మా ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర ఇప్పటికీ నేను ప్రతి సీజను ముందూ ఇలాగే చేస్తాను.

రాడ్ విరిగేది చేప వల్ల చాలా తక్కువ. మనవల్ల విరుగుతుంది. నాది తూటికాడలో విరిగింది. ఎర వెళ్లి కాడలకి పట్టుకుంది, నేను రాడ్‌ని నిలువుగా పైకెత్తి, ఇంకా వెనక్కి వంచి గుంజాను. కొన నుంచి రెండో రింగు దగ్గర టప్‌మంది. ఆ చప్పుడు విన్నవాళ్లకి తెలుస్తుంది ఎలా ఉంటుందో. రాడ్‌ని నిలువు దాటించి వెనక్కి లాగితే బరువంతా సన్నటి కొన మీదే పడుతుంది, కింద ఉన్న గట్టి భాగం పనే చెయ్యదు. చేపని ఒడ్డుకి తెచ్చాక కాళ్ల దగ్గర అదే తప్పు చేస్తారు అందరూ, రాడ్‌తో పైకి లేపేస్తారు. లేపకండి. వంగి చేత్తోనో వలబుట్టతోనో తీసుకోండి. ఎర చిక్కుకుంటే రాడ్‌ని దారానికి తిన్నగా చూపించి, దారాన్ని ఒక పుల్లకి నాలుగు చుట్లు చుట్టి పుల్లని లాగండి. వేళ్లకి చుట్టుకోవద్దు, బ్రెయిడ్ దారం (సన్నటి పోగులు అల్లి చేసింది) కోసేస్తుంది.

దారం గురించి మూడు ముక్కలు. రీలులో ఎనిమిది లేదా పది పౌండ్ల బ్రెయిడ్. అంతే బలమున్న నైలాన్ తంగీసుతో పోలిస్తే దాదాపు సగం లావే ఉంటుంది, సాగదు, అందుకే చిన్న ఎరని కూడా దూరం పోనిస్తుంది, అడుగున ఏముందో చేతికి చెబుతుంది. కానీ నీళ్లలో బాగా కనిపిస్తుంది, రాళ్లకి ఒరుసుకుంటే తెగుతుంది, అందుకని కొసన లీడర్, అంటే నీళ్లలో అంతగా కనిపించని ఫ్లోరోకార్బన్ దారం రెండు బారలు, ముడెయ్యాలి. చలికాలం తేట నీటికి ఆరో ఎనిమిదో పౌండ్లది. పండుగప్ప తిరిగే చోటైతే లీడర్ ఇరవై పౌండ్లది పెట్టండి, దాని మొప్ప అంచు బ్లేడులా ఉంటుంది. లీడర్ లావైనంత మాత్రాన రాడ్ మార్చక్కర్లేదు.

అడుగున ఏముందో చేతికి తెలియడం అన్నాను కదా, నాకు ఈ వేటలో అన్నిటికంటే ఇష్టమైంది అదే. మూడున్నర గ్రాముల గేలాన్ని ఇసుక మీద లాగితే సర్రుమని సన్నగా, ఆగకుండా తెలుస్తుంది. రాయి తగిలితే టిక్కుమంటుంది. నాచులోకి వెళ్తే ఎవరో తడిగుడ్డ కప్పినట్టు బరువెక్కుతుంది, అక్కడ ఆగి చిన్నగా తడితే విడిపోతుంది. బురద అయితే ఏ కబురూ రాదు, ఎర లేనట్టే ఉంటుంది. ఇక చేప. కొత్తవాళ్లు చేప అంటే లాగుతుంది, బెండు మునుగుతుంది అనుకుంటారు. చలి నీళ్లలో అలా ఉండదు. సర్రుమనడం ఆగిపోతుంది, అంతే. లేదా నీటి మీది దారం ఏ కారణం లేకుండా జానెడు పక్కకి జరుగుతుంది. ఇది తెలియాలంటే రాడ్ తేలిగ్గా ఉండాలి, కొన బతికుండాలి, రెండు గంటలు పట్టుకున్నా చెయ్యి అలిసిపోకూడదు. నా దృష్టిలో తేలికపాటి కార్బన్ రాడ్‌కి డబ్బు పెట్టడానికి కారణం ఇదొక్కటే. ఫైబర్‌గ్లాస్ దెబ్బలకి ఓర్చుకుంటుంది, చవక, పిల్లలకి మంచిది, కానీ ఈ కబుర్లు సగం మింగేస్తుంది.

కార్బన్ మీద 24 టన్నులు, 30 టన్నులు, 40 టన్నులు అని రాస్తారు. ఎక్కువ అంకె అంటే ఎక్కువ చేపని లాగుతుందని కాదు. ఆ పీచు అంత బిగుసు అని, దానివల్ల తక్కువ పీచుతో తేలిక రాడ్ చెయ్యొచ్చని. గోడ పల్చగా ఉంటుంది కాబట్టి దెబ్బ తగిలితే తొందరగా విరుగుతుంది కూడా. బైకు మీద తిరిగేవాళ్లకి, మొదటిసారి కొనేవాళ్లకి మధ్యరకం చాలు.

కొనేటప్పుడు వీలైతే నేరుగా షాపుకే వెళ్లండి, విశాఖ దాకా వెళ్లాల్సొచ్చినా సరే. నేను ఒకసారి ఆన్‌లైన్లో తెప్పించుకుంటే కొన విరిగి వచ్చింది, పార్శిల్ విప్పుతూ వీడియో తియ్యలేదని వెనక్కి తీసుకోలేదు. అప్పట్నుంచి ఇంటికి ఏం తెప్పించినా వీడియో తీసే విప్పుతున్నాను. షాపుకి మీ రీలు కూడా పట్టుకెళ్లండి, 2000 లేదా 2500 నంబరు సైజు అంటారే, అది. బిగించి ఒక వేలి మీద నిలబెడితే రీలు కాడకి కాస్త ముందు తూకం కుదరాలి, ముందుకి వాలిపోతే సాయంత్రానికి మణికట్టు గుంజుతుంది. తర్వాత రింగులు. రాడ్‌ని తుపాకీ గురిచూసినట్టు పట్టుకుని రింగులన్నీ ఒక వరసలో ఉన్నాయో లేదో చూడండి. చెవిలో పెట్టుకునే దూది పుల్ల ఒకటి జేబులో వేసుకుపోయి ప్రతి రింగు లోపలా తిప్పండి, దూది పోగు ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ పగులుంది, ఆ పగులు మీ దారాన్ని కోస్తుంది. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. రాడ్ కొనని సీలింగుకి ఆనించి వంచి చూపించేవాళ్లుంటారు, అది మాత్రం చెయ్యనివ్వకండి. ఇక ఆర్టీసీ బస్సుల్లో, బైకుల మీద తిరిగే మనకి రెండు ముక్కల రాడ్డే సుఖం. ఒకే ముక్కది బాగుంటుందని వాదించేవాళ్లతో నేను వాదించను, కానీ ఏడడుగుల కర్ర పట్టుకుని ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర బస్సెక్కి చూడమనండి. పీవీసీ పైపు ముక్కకి రెండువైపులా మూతలు పెడితే వంద రెండొందల్లో కేసు తయారు.

డబ్బు ఎలా పంచాలన్న దాంట్లో నాకూ మిగతావాళ్లకీ పడదు. అయిదు వేలుంటే మూడున్నర వేలు రీలుకి పెట్టి మిగిలిందాంతో ఏదో ఒక రాడ్ కొనమంటారు. మంచినీటి వేటకి నేను తిరగేసి చెప్తాను. చిన్న ఎరలకి రీలు చేసే పని తక్కువ, దారం చుట్టాలి, డ్రాగ్ మెత్తగా వదలాలి. విసిరేదీ, చేపని పసిగట్టేదీ, గేలం గుచ్చేదీ అన్నీ రాడ్డే. సముద్రం దగ్గర అయితే నా మాట మార్చుకుంటాను, కళింగపట్నంలో వంశధార మొగ దగ్గరో, కోనాడలో చంపావతి మొగ దగ్గరో వేటాడేవాళ్లకి ఉప్పు రీలుని తినేస్తుంది, అక్కడ కాస్త మంచి రీలే కావాలి, ఇంటికొచ్చాక ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి.

తేలిక రాడ్ అన్నిటికీ పనికొస్తుందని నేను చెప్పడం లేదు. గుర్రపుడెక్క, తామరాకులు దట్టంగా పట్టిన బందల్లో కొర్రమీను కోసం కప్ప ఎర వేసేవాళ్లకి గట్టి రాడ్, లావు దారం ఉండి తీరాలి. అక్కడ చేపని ఆడించడానికి చోటుండదు, పట్టిన క్షణంలో లాగెయ్యాలి. సన్న దారంతో వెళ్తే అది తెంపుకుని నోట్లో గేలంతో పోతుంది, ఆ పాపం మనది. అలాగే వదిలేద్దామనుకున్న చేపని సన్న దారం మీద పావుగంట ఆడించకూడదు, అలిసిపోయిన చేప వదిలినా బతకడం కష్టం. ఇంకోటి, ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద బుడబుడలాడుతుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ గుంపులో ఎర వేస్తే కొర్రమీను కోపంతో తప్పకుండా కొడుతుంది, అందరికీ తెలుసు. దాన్ని తీసేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు గంటలో ఊడ్చేస్తాయి. దయచేసి వెయ్యకండి.

ఇంకో హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన పొలంగట్ల మీద, కాలవల మీద కరెంటు తీగలు చేతికందేలా వేలాడుతుంటాయి. వెదురు కర్ర అలవాటుతో రాడ్‌ని పైకి పట్టుకుని తీగల కింద నడవకండి, అక్కడ నిలబడి విసరకండి. వేసవి మధ్యాహ్నం ఉరుము వినిపిస్తే చేప పడుతున్నా సరే, రాడ్ కింద పెట్టి ఒడ్డు వదిలి ఇంటికి పోండి. చెరువు ఎవరిదో కనుక్కుని అడిగి వెయ్యండి, చాలా చెరువులు మత్స్యకార సంఘాలు పాడుకున్నవి, అవి వాళ్ల బతుకుదెరువు. తెగిన దారం ముక్కలు జేబులో వేసుకోండి. తేలినీలాపురం వచ్చే గూడబాతుల కాళ్లకి మన తంగీసు చుట్టుకోవాల్సిన అవసరం లేదు.

మేనల్లుడు చివరికి ఆ పదడుగులది కొనలేదు. ఏడడుగుల మీడియం లైట్, మూడు నుంచి పది గ్రాములది, రెండు ముక్కలది తీసుకున్నాడు, మూడు వేలలోపే. రీలు ఇంట్లో ఉన్నదే. మొన్న ఆదివారం అయిదున్నరకే నాగావళి గట్టుకి వచ్చాడు, మంచు ఇంకా విడలేదు, అవతలి ఒడ్డు కనిపించడం లేదు. మొదటి గంట దూరం విసరడం మీదే వాడి ధ్యాసంతా. ఎర ఎంత దూరం పోతోందో చూసి మురిసిపోతున్నాడు. చుట్టడం ఆపి, దాన్ని అడుక్కి దిగనియ్యమన్నాను. దారం వదులయ్యేదాకా ఆగి, కొనని జానెడు లేపి, మళ్లీ దించమన్నాను. కళ్లు మూసుకోమన్నాను కూడా. పాత ఊటబావి రాళ్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు, వాడికి చెప్పలేదు.

నాలుగుసార్లు లేపాడు, దించాడు. అయిదోసారి చెయ్యి ఆపేశాడు.

"మావయ్యా, ఇప్పటిదాకా ఇసుకే. ఇక్కడ రాయేదో ఉంది," అన్నాడు, కళ్లు తెరవకుండానే.